ఆగకుండా ఉరికిన గంగి

రెండువేల పదకొండు వానాకాలం వచ్చేనాటికి తెలంగాణ కోసం రోడ్డు మీద చేయదగిన పనులన్నీ ఎవరో ఒకరు చేసేశారు. టైలర్లు నడిరోడ్డు మీద మిషన్లు పెట్టుకుని కుట్టారు. వకీళ్లు కోర్టు గేటు ముందు చాపలు పరిచారు. జనం పొయ్యిలు పెట్టి వండుకు తిన్నారు, బతుకమ్మ ఆడారు, కబడ్డీ ఆడారు. ఒకచోట దున్నపోతు మెడలో దండ వేసి దానికి వినతిపత్రం కూడా సమర్పించారు. దున్నపోతు ఆ కాగితాన్ని తీరిగ్గా నమిలింది. ఢిల్లీ ఆ మాత్రం కూడా పట్టించుకోలేదని అందరూ దాన్ని మెచ్చుకున్నారు.

ఇదంతా అయ్యాక మేలుకున్నది కొత్తగూడ పోరాట కమిటీ. దాని కన్వీనర్ మధుకర్‌కు ఎరువుల దుకాణం ఉంది, తెల్ల చొక్కాలు ఉన్నాయి, పేపర్లో ఫొటో మాత్రం ఇంకా పడలేదు. ఫొటో పడాలంటే కొత్తది ఏదో చేయాలి. కొత్తది ఏం మిగిలింది గనక? అలా తల పట్టుకుని కూర్చున్న మనిషికి టీవీలో హైదరాబాద్ పరుగు పందెం ఒకటి కనిపించింది. ఇంకేం, కరపత్రం అచ్చయింది. ‘ప్రకృతి ఒడిలో తెలంగాణ హాఫ్ మారథాన్. గూడూరు సెంటర్ నుంచి కొత్తగూడ సెంటర్ వరకు. ఇరవై ఒక్క కిలోమీటర్లు.’ ఆ దూరం కొలిచిన మోటార్‌సైకిల్ మీటరు ఎప్పుడో చచ్చిపోయింది. హాఫ్ మారథాన్ అంటే ఇరవై ఒకటే కాబట్టి ఆ రోడ్డు కూడా అంతే ఉండాలని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. జనానికి మారథాన్ అనే మాట నోరు తిరగలేదు. ఉరుకుడు అన్నారు.

ఆ ఉరుకుడులో గంగి ఎందుకు ఉరికిందో తెలియాలంటే ముందు గంగి ఎవరో తెలియాలి.

కొత్తగూడ సెంటర్ దాటి, వాగు దాటితే వచ్చే లంబాడీ తండా ఆమెది. బడిలో పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండుతుంది. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటుంది. నడవమంటే ఆమెకు విసుగు, ఉరకమంటే హాయి. ఆ విద్య నేర్పిన గురువులు చాలామంది. చిన్నప్పుడు మేకలు నేర్పాయి. అసలైన కోచింగు మాత్రం జంగ్లాతోళ్లది, అంటే ఫారెస్టు వాళ్లది. అడవి అంచున గంగి వాళ్లకు ఒక పోడు చెలక ఉంది. పొదలు కొట్టి, మొద్దులు కాల్చి మొక్కజొన్న వేసుకున్న ఆ నేల గవర్నమెంటు లెక్కలో అడవి, తండా లెక్కలో చేను. రెండు లెక్కలూ కుదరనప్పుడల్లా జంగ్లాత్ జీపు వచ్చేది. జీపు వచ్చినప్పుడల్లా గంగి నెత్తిన గంప, చంకన బిడ్డతో ఉరికేది. గంప ఎప్పుడూ కింద పడలేదు, బిడ్డా పడలేదు.

ఆ చంకన బిడ్డే లత. తల్లి చంకలో ఉండగానే పరుగు రుచి మరిగిందో ఏమో, బడిలో డ్రిల్లు సారు ఈల ఊదితే చాలు, ఆ పిల్ల అందరినీ వెనక్కి పెట్టేసేది. సారు మహబూబాబాద్ ఆటలకు తీసుకుపోయాడు. అక్కడా అంతే. ఆ ఎండాకాలమే జనగామ ఆటల హాస్టల్లో లతకు సీటు వచ్చింది. చదువు, తిండి, బూట్లు అన్నీ వాళ్లవే. వానలు పడ్డాక వచ్చి చేరమన్నారు.

చేరడానికి ఒకటే అడ్డం. దాని పేరు దేవ్యా, లత తండ్రి.

దేవ్యా చెడ్డవాడేం కాదు. కొట్టడు, తిట్టడు, సారా కూడా పండగకూ పబ్బానికీ తప్ప ముట్టడు. పండగలు ఎక్కువైతే అతను ఏం చేస్తాడు? ఉద్యమమంటే ప్రాణం. ఎక్కడ టెంటు వేస్తే అక్కడ దేవ్యా. మైకు దొరికితే, ‘తెలంగాణ వస్తె మన పిల్లలు సదువుకుంటరు, ఆటలాడుతరు, పెద్ద పెద్ద కొలువులు చేస్తరు’ అని గొంతు చించుకునేవాడు. ఇంటికి వచ్చి, ‘ఆడివిల్లకు ఉరుకుడెందుకే, మేకలెవ్వలు కాస్తరు?’ అనేవాడు. మైకు ముందు దేవ్యా వేరు, పొయ్యి ముందు దేవ్యా వేరు. ఇద్దరికీ ముఖపరిచయం కూడా లేదు.

గంగి బతిమాలింది, అలిగింది, రెండు పూటలు అన్నం మానేసింది. ఆఖరికి విషయాన్ని తండా పెద్ద లక్ష్మా నాయక్ వాకిట్లో పెట్టింది. తండాలో దానికొక పద్ధతి ఉంది. నాయక్ వాకిట్లో నలుగురి ముందు అన్న మాట అన్నట్టే. తాగి అన్నా అంతే, నవ్వులాటకు అన్నా అంతే. ఆ మాట ఎక్కడ పుట్టిందో అక్కడే, ఇద్దరు మనుషులూ ఎదురెదురుగా ఉండగానే తీరాలి. కోర్టుల్లో ఇంత పట్టింపు ఉంటే వకీళ్లు చాపలు పరిచే పనే ఉండేది కాదు.

వాళ్ల మాటలన్నీ లంబాడీల భాష గోర్ బోలిలోనే జరిగాయి. మనం తెలుగులో చెప్పుకుందాం.

‘ఆడివిల్ల ఉరికి ఏం సాధిస్తది నాయక్?’ అన్నాడు దేవ్యా. ‘మహా అయితె బస్సు దొరుకుతది.’

వాకిట్లో నవ్వులు లేచాయి. నవ్వులు చూస్తే దేవ్యాకు మైకు చూసినట్టే ఉంటుంది. ‘దీనికిగ బిడ్డను పీటీ ఉష చేద్దామని ఉన్నది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట. గూడూరు కాడికెల్లి కొత్తగూడ దాక ఉరుకుడు పెడుతున్రు గదా, దీన్నే ఉరకమను సూద్దాం. యాడ ఆగకుండ ఉరికితె పిల్లను నేనే పంపిస్త.’

నాయక్ నవ్వలేదు. ‘ఆగితే?’ అని అడిగాడు.

‘ఆగితె పిల్ల మేకల ఎంబడి పోతది. మళ్ల జనగామ ముచ్చట ఎత్తొద్దు.’

నాయక్ గంగి వైపు చూశాడు. గంగి కొంగు నడుముకు చుట్టుకుని, ‘సరె’ అంది. అంతటితో మాట ఖాయమైంది. ఆమె ఆగిందో లేదో చూసి చెప్పడానికి దేవ్యా తమ్ముడు ప్రేమ్‌సింగ్‌ను సైకిల్ మీద వెంట పొమ్మన్నారు.

సరే అన్నంత సేపు పట్టలేదు, గంగికి భయం పట్టుకోవడానికి. జంగ్లాతోళ్లు వెంట పడితే కాళ్లు వాటంతట అవే ఉరుకుతాయి. ఎవరూ తరమకుండా, అంత దూరం, నలుగురు మగాళ్లు చూస్తుండగా ఎలా ఉరకడం? మర్నాడు పొద్దున్నే పోయి నిర్మలకు చెప్పుకుంది.

నిర్మల అక్కడి ఏఎన్ఎం. మందుల డబ్బా భుజాన వేసుకుని తండా తండా తిరిగి పిల్లలకు సూదులు వేస్తుంది. డోర్నకల్ మనిషి, నాన్న రైల్వేలో పనిచేసేవాడు. అక్కడ మిషన్ బడిలో చదివే రోజుల్లో పరుగు పందెంలో స్టీలు గ్లాసు గెలుచుకుంది. ఇప్పుడు మనిషి కాస్త నిండుగా ఉంటుంది కాబట్టి ఆ గ్లాసు చూపిస్తే తప్ప ఎవరూ నమ్మరు. ఏళ్ల తరబడి పొద్దున బడికి పోయే గంగి, తండాలకు పోయే నిర్మల ఒకే బాటన నడుస్తూ, ఒకరి కష్టాలు ఒకరికి చెప్పుకుంటూ అక్కాచెల్లెళ్లయ్యారు.

‘ఒక్కదాన్నే అయితె నాతోని కాదు అక్కా,’ అంది గంగి.

‘ఒక్కదానివి ఎందుకుంటవే? నేనొస్త.’

‘నువ్వా?’

‘గట్ల చూడకు. ఊరందరికి నడువున్రి, షుగరు తగ్గుతదని చెప్తుంటి. నేను నడిస్తె ఎవలన్న చూసిన్రా? యేసయ్య దయ ఉంటె నేను గూడ ఉరుకుత.’

ఉరుకుడు రోజు తెల్లవారకముందే ట్రాక్టర్లు అందరినీ గూడూరుకు మోసుకుపోయాయి. కాలేజీ పిల్లలు, పంతుళ్లు, హమాలీలు, డప్పులు, జెండాలు. చీరలు కట్టుకుని వచ్చిన ఆడవాళ్లు ఇద్దరే. నిర్మల కాళ్లకు మహబూబాబాద్‌లో కొన్న తెల్ల బూట్లు, గంగి కాళ్లకు హవాయి చెప్పులు. సన్నగా జల్లు పడుతోంది. పరుగు మొదలవడానికి ముందు ఉపన్యాసాలు మొదలయ్యాయి. ఒక్కో నాయకుడు, ‘మిత్రులారా, టైము లేదు, రెండే మాటలు చెప్పి ముగిస్త’ అని మొదలుపెట్టి, ఆ రెండు మాటలు ఏవో తనకే గుర్తు రాక చాలాసేపు వెతుక్కున్నాడు. ఎట్టకేలకు ఈల మోగింది. నాయకులు ముందు వరుసలో చేతులు పట్టుకుని, పళ్లన్నీ కనపడేలా ఉరికారు. కెమెరా ఆగిన చోట వాళ్ల పరుగూ ఆగింది. జీపులెక్కి కొత్తగూడకు వెళ్లిపోయారు. ప్రకృతి ఒడి మిగతావాళ్లకు మిగిలింది.

మొదట అంతా బాగానే ఉంది. ఊరు దాటాక రోడ్డుకు అటూ ఇటూ టేకు చెట్లు తెల్లగా పూత మీద ఉన్నాయి. గుట్టల మీద పొగలాగా మబ్బు దిగింది. ఎక్కడో నెమలి అరుస్తోంది.

‘ఎంత సక్కగున్నదే,’ అంది నిర్మల రొప్పుతూ.

గంగి అటూ ఇటూ చూసింది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న అడవే. ఎప్పుడు చూసినా నెత్తిన కట్టెల మోపు ఉండేది, చూపు కాళ్ల ముందే ఉండేది. ‘నిజమే అక్కా,’ అంది. ‘తల ఎత్తి చూసుడు ఇదే మొదలు.’ ఆ మాట అన్నాక ఆమెకు నిజంగానే సంతోషమేసింది. కాసేపు పందెం సంగతి కూడా మర్చిపోయి ఉరికింది.

అయితే ముసళ్ల పండగ ముందుంది. ఉరికే వాళ్లకు ఊరూరా స్వాగతం పలకాలని కమిటీ చెప్పింది. తెలంగాణ పల్లెకు స్వాగతమంటే చేతులూపడం కాదు, కూర్చోబెట్టి తినిపించడం. మొదటి ఊళ్లో రోడ్డుకు అడ్డంగా బెంచీలు వేసి, డప్పులు కొట్టి, పులిహోర వడ్డిస్తున్నారు. ముందు ఉరికిన కాలేజీ పిల్లలందరూ అప్పటికే బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. పెట్టిన విస్తరి ముందు నుంచి లేచిపోతే ఊరికి అవమానమని ఒక పెద్దమనిషి గంగికి చేతులడ్డం పెట్టాడు.

‘ఆగు బిడ్డా, రెండు ముద్దలు తిని పో.’

‘ఆగొద్దు పెద్దయ్యా, ఆగితె నా బిడ్డ ఆగమైతది,’ అంటూ గంగి ఉన్నచోటే కాళ్లాడించింది. ఆయనకు ఏమీ అర్థం కాలేదు గానీ ఆ మనిషికి ఏదో అవస్థ ఉందని మాత్రం అర్థమైంది. పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. నిర్మల దాన్ని అందుకుని, పరుగు తీస్తూనే తింది. వెనక ప్రేమ్‌సింగ్ సైకిల్ దిగాడు. సాక్షికి ఆకలి కాకూడదని తీర్పులో లేదు కదా.

రెండో ఊళ్లో మిరపకాయ బజ్జీలు. ఆ పక్క గూడెంలో బొట్టు పెట్టి దండలు వేశారు. బొట్టు పెట్టే ఆడవాళ్లు కూడా గంగి పక్కనే నాలుగడుగులు ఉరికితే తప్ప పని కాలేదు. ఆ బొట్టు ముక్కు మీదకు దిగింది. ఇంకో చోట ఒక కవిగారు ఉరికే వాళ్ల కోసమే రాసిన పాటను, అది అయ్యేదాకా ఎవరూ కదలొద్దని షరతు పెట్టి పాడుతున్నాడు. మర్యాదస్తులందరూ ఆగిపోయారు. అలా తెలంగాణ మర్యాద ఒక్కొక్కరినే పందెంలోంచి లాగేసుకోగా, అడవి నడిమధ్యకు వచ్చేసరికి ఇద్దరు ఆడవాళ్లే అందరికంటే ముందున్నారు.

అక్కడ గుట్ట ఎక్కుడు. సగం ఎక్కాక నిర్మల నడుము పట్టుకుని రోడ్డు పక్క రాయి మీద కూలబడింది.

‘గంగీ, ఇగ నువ్వు పోవే. నాతోని కాదు. నా మోకాళ్లు నావి కావు.’

ఆమెను వదిలి పోవడానికి గంగికి మనసొప్పలేదు. ఆగడానికి వీలు లేదు. ఏం చేస్తుంది? బంతి తొక్కే ఎద్దులాగా ఆ రాయి చుట్టూ తిరుగుతూ ఉరకడం మొదలుపెట్టింది. ‘లే అక్కా, గ్లాసు గెలిచినవట గదా, లే.’ ఒక చుట్టు. ‘నా బిడ్డ పుట్టిన్నాడు రాత్రంత మేల్కొన్నది నువ్వే గదా, లే.’ ఇంకో చుట్టు. ‘నువ్వు లేకపోతె నేను ఈడనే తిరుగుత, సచ్చేదాక తిరుగుత.’

నిర్మల తల తిప్పి తిప్పి చూసింది. కాసేపటికి ఆమెకే కళ్లు తిరిగాయి. ‘అవ్వో, నీకో దండమే. నువ్వు నా చుట్టు తిరుగుడు చూసుటికంటె ఉరుకుడే నయమున్నది,’ అంటూ లేచింది. మోకాళ్లు కలుక్కుమన్నాయి గానీ మనిషి కదిలింది. అక్కడి నుంచి ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని ఉరికారు. గంగి ఎడమ చెప్పు పట్టీ తెగిపోయింది. తీసి పారేయడానికి ఆగాలి కాబట్టి, కాలు విదిలించి పొదల్లోకి విసిరింది.

కొత్తగూడ సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దానిమీద ఉరికే వాళ్ల బొమ్మ ఒక్కటీ లేదు, నాయకుల బొమ్మలు పాస్‌పోర్టు ఫొటోల్లాగా కిక్కిరిసి ఉన్నాయి. దాని కింద రోడ్డుకు అడ్డంగా ఎర్ర రిబ్బన్. ఒక కొసను కరెంటు స్తంభానికి కట్టారు. రెండో పక్క స్తంభం లేదు కాబట్టి వాలంటీరు దేవ్యా స్తంభమయ్యాడు. వాలంటీర్లకు టోపీ, చికెన్ బిర్యానీ అని ముందే చెప్పి ఉన్నారు.

మలుపులో గంగి, నిర్మల కనపడగానే జనం ఈలలు వేశారు. దేవ్యా మొహం మాడిపోయింది. అంతలో కన్వీనర్ మధుకర్ రిబ్బన్ ముందుకు పరిగెత్తుకొచ్చి రెండు చేతులూ చాపాడు. ఆ రోజు ఆయన నిజంగా పరిగెత్తింది ఆ నాలుగడుగులే.

‘ఆగుండ్రి, ఆగుండ్రి. సారు ఇంక రాలే. నర్సంపేట దాటిండట. సారు వచ్చి రిబ్బన్ కట్ చేసినంక మీరు దాటాలె.’

ముఖ్య అతిథి కోసం స్టీలు పళ్లెంలో, తెల్ల దస్తీ మీద, కొత్త కత్తెర పెట్టి ఉంచారు. రిబ్బన్ అంటే ముఖ్య అతిథి కత్తిరించేదని కమిటీకి పుట్టుకతో తెలుసు. షాపుదైనా, బోరింగుదైనా, పరుగు పందెందైనా రిబ్బన్ రిబ్బనే.

‘ఉరికొచ్చినోళ్లు తెంపుకొని పోయేది గద సార్ గది?’ అంది నిర్మల, ఊపిరి అందక.

‘మీరు తెంపితె సారు ఏం తెంపాలమ్మా? హన్మకొండ నుంచి కత్తెర గూడ తెప్పిచ్చినం.’

గంగి ఆగలేదు. ఉన్నచోటే కాళ్లాడిస్తూ దేవ్యా వైపు చూసింది. దేవ్యా మాడిపోయిన మొహంలోకి మెల్లగా వెలుగు వచ్చింది. అతనికి అప్పుడే లెక్క తట్టింది. ఇక్కడ ఆమెను ఆపేది తను కాదు, కమిటీ. ఆమె ఆగితే గెలిచేది మాత్రం తను.

‘సారోళ్లు చెప్తున్రు గదనే, ఆగు,’ అన్నాడు రిబ్బన్ గట్టిగా పట్టుకుని, ఎంతో నెమ్మదిగా. ‘ఇంత దూరం వస్తివి, జర ఆగితె ఏమైతది?’

‘ఏమైతదో నీకు ఎర్కనే,’ అంది గంగి.

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. గూడూరు నుంచి పులిహోరను దాటింది, పాటను దాటింది, గుట్టను దాటింది. ఆఖరికి ఒక రిబ్బన్ ముక్క బిడ్డను మేకల పాలు చేయబోతోంది. కాళ్లు ఇక ఆగుతామంటున్నాయి. ఒకరిద్దరు కాలేజీ పిల్లలు వచ్చి రిబ్బన్ ముందు బుద్ధిగా నిలబడ్డారు. ఇంకొంతమంది వచ్చారు. సారు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. గంగి ఒక్కతే కుండలో గింజలాగా ఎగురుతోంది. జనం నవ్వుతున్నారు.

అప్పుడు తట్టింది ఆమెకు. ‘అక్కా,’ అంది, ‘మాట ఈడ పుట్టలే.’

నిర్మల ఆమె చేయి పట్టుకుంది. ‘పా,’ అంది.

ఇద్దరూ పక్కకు తిరిగి, చాయ్ హోటల్ వెనక సందులోంచి వాగు బాట పట్టారు. ప్రేమ్‌సింగ్ బజ్జీల పొట్లం జేబులో కుక్కుకుని సైకిల్ ఎక్కాడు. ‘ఫినిషింగ్ ఈడనమ్మా, ఈడ,’ అని మధుకర్ అరుస్తున్నాడు. ఉద్యమంలో ఇంతమందిని చూశాడు గానీ గెలుపు దాకా వచ్చి మానేసి అవతలికి పోయే వాళ్లను ఆయన చూడలేదు.

ఆ బాట ఎటు పోతుందో దేవ్యాకు తెలుసు. అది నాయక్ దగ్గరికి పోతోంది. తను లేనిది తీర్పు కాదు, నిజమే. కానీ అది ముందు పోయి వాకిట్లో కూర్చుని, తండా అంతా చూస్తుండగా, మొగుడు రాలేదు, భయపడ్డాడు అంటే? ఆ తలవంపు ఏ టోపీ కప్పుతుంది? దేవ్యా ఉరికాడు. చేతిలో రిబ్బన్ ఉన్న సంగతి మర్చిపోయి ఉరికాడు. స్తంభానికి వేసిన ముడి ఊడి, ఎర్ర రిబ్బన్ అతని వెనక పాములాగా జరజరా పోయింది.

రిబ్బన్ పోతుంటే దాని ముందు నిలబడ్డ వాళ్లు ఏం చేస్తారు? ఆ రోజుల్లో పోలీసులు పర్మిషన్ ఇవ్వక సభలు ఒక చోట అనుకుని ఇంకో చోట జరిగేవి. ఫినిషింగ్ కూడా మారి ఉంటుందని ఎవరో అన్నారు. ఎవరికీ అనుమానం రాలేదు. కాలేజీ పిల్లలు, పంతుళ్లు, హమాలీలు, వెనక వస్తున్న డప్పులతో సహా, అందరూ రిబ్బన్ వెంట పడ్డారు. ముఖ్య అతిథి వచ్చేసరికి సెంటర్లో మధుకర్, అతని కమిటీ, కత్తెర, బిర్యానీ గిన్నెలు మిగిలాయి. తెచ్చిన కత్తెర ఊరికే పోకూడదని ఆ అతిథి ఫ్లెక్సీ తాడు కత్తిరించాడు. ఫ్లెక్సీ కమిటీ మొత్తం మీద పడింది. మర్నాడు పేపర్లో మాత్రం, హాఫ్ మారథాన్‌కు విశేష స్పందన అని వచ్చింది. ఫొటోలో మధుకర్ ఫ్లెక్సీ కింద ఉండటం వల్ల కనపడలేదు.

ఇక్కడ గంగి వాగులో దిగింది. వాన నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. నీళ్లలో ఉరకడం కుదరదు, ఆగడమూ కుదరదు. నిర్మల ఆమె నడుము చుట్టూ చేయి వేసి ఈడ్చింది. ఒడ్డెక్కాక రాయి గుచ్చుకుని గంగి కాలు చీరుకుపోయింది. ఆమెకు తెలియలేదు.

నాయక్ వాకిట్లో కూర్చుని నులక మంచం అల్లుతున్నాడు. ఆయన ముందుకు వచ్చి కూడా గంగి ఆగలేదు. అక్కడే అడుగులు వేస్తూ, ‘వచ్చిన నాయక్,’ అంది.

నాయక్ తల ఎత్తాడు. ‘వాడేడి? వాడు రాంది మాట తీరదు బిడ్డా.’

ఆ పద్ధతి గంగికి తెలియనిది కాదు. అయినా కాళ్లు ఆపకుండా వెనక్కి తిరిగి బాట వైపు చూసింది. లత ‘యాడీ’ అని తల్లిని పిలుస్తూ ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చింది. తల్లి మొహం చూసింది. వచ్చి పక్కన నిలబడి, చేయి పట్టుకుని, తనూ అడుగులు వేసింది. నిర్మల వాకిట్లో చతికిలబడి, ‘యేసయ్యా, వాన్ని తొందరగ తోలియ్యి’ అని గట్టిగానే ప్రార్థన చేసింది.

దేవ్యా వచ్చాడు. సెంటర్ నుంచి తండాకు ఎంత దూరమని? అంత దూరానికే అతను వాగు ఒడ్డున ఒకసారి, చింతచెట్టు కింద ఒకసారి ఆగి మోకాళ్లు పట్టుకున్నాడు. వెనక డప్పులు, జెండాలు, ఊరంత జనం. నాయక్ జీవితంలో ఎన్నో పంచాయితీలు చూశాడు గానీ సాక్షులు ఇంతమంది వచ్చిన పంచాయితీ చూడలేదు. మంచం పక్కకు జరిపి, ప్రేమ్‌సింగ్‌ను పిలిచాడు.

‘ఆగిందా?’

ప్రేమ్‌సింగ్ అన్న మొహం చూశాడు, వదిన కాళ్లు చూశాడు. ‘లేదు నాయక్. పులిహోర కాడ నేను ఆగిన, బజ్జీల కాడ నేను ఆగిన. వదినె యాడ ఆగలే.’

‘రిబ్బన్...’ అన్నాడు దేవ్యా, గుండె పట్టుకుని. ‘రిబ్బన్ దాటలే గదా.’

‘నువ్వన్న మాటల రిబ్బన్ ఉన్నదారా?’ అని అడిగాడు నాయక్.

దేవ్యా ఆలోచించాడు. లేదు.

‘నాయక్,’ అంది గంగి. ఆ గొంతు ఎవరిదో అన్నట్టుంది. ‘ఇగ ఆగొచ్చునా?’

నాయక్, మాట అన్నవాడే చెప్పాలన్నట్టు దేవ్యా వైపు చూశాడు. వాకిలంతా అటే చూసింది. డప్పులు ఆగిపోయాయి.

దేవ్యా తలెత్తి భార్యను చూశాడు. ఒక కాలికే చెప్పుంది. రెండో కాలు పెట్టిన చోటల్లా నేల మీద ఎర్రగా అంటుతోంది. ఈ కాస్త దూరానికే తన గుండె నోట్లోకి వచ్చింది. ఇది గూడూరు నుంచి వచ్చింది. తను నవ్వులాటకు అన్న మాటను నెత్తిన పెట్టుకుని వచ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి దేవ్యాకు ఆమె ముందు సిగ్గేసింది. ఆ పక్కన, తల్లి చేయి పట్టుకుని, అలుపూ సొలుపూ లేకుండా గాలిలో తేలుతున్నట్టు అడుగులేస్తున్న బిడ్డను చూశాడు. ఆ పిల్ల ఉరుకుతుంటే తను ఇంతవరకూ ఒక్కసారి కూడా చూడలేదని గుర్తొచ్చింది.

‘ఆగవే గంగీ,’ అన్నాడు. నలుగురిలో భార్యను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ‘ఆగు. పిల్ల జనగామ పోతది. నేనే తోల్కపోత.’

గంగి విన్నది. ఆగుదామనే అనుకుంది. కాళ్లు మాత్రం వినలేదు, ఇంకా ఆడుతూనే ఉన్నాయి. నిర్మల లేచి ఒక పక్క, లత ఒక పక్క పట్టుకుని, ఆమెను సగం అల్లిన మంచం మీద కూర్చోబెట్టారు. కూర్చున్నాక కూడా పాదాలు కొంతసేపు నేలను తట్టాయి. తర్వాత ఆమె కొంగు నోట్లో కుక్కుకుని, ఒళ్లంతా కదిలిపోయేలా ఏడ్చింది.

‘ఏడ్వకు యాడీ,’ అంది లత, తల్లి మొహం తుడుస్తూ. ‘ఎందుకేడుస్తున్నవ్?’

‘ఏడుస్తలేనే బిడ్డా,’ అంది గంగి. ‘ఆగుతున్న.’